రోమమ్మ పిన్ని

మా పిన్నిని ఊళ్ళో సగంమంది రోమమ్మ అంటారు. పేరు ఎవరు పెట్టారో తర్వాత చెప్తాను. ముందు ఆవిడ ఆ రోము దాకా ఎలా వెళ్ళిందో చెప్పాలి. ఓడెక్కి వెళ్ళలేదు, రైలెక్కి వెళ్ళలేదు, మా తాతయ్య రాళ్ళ షెడ్డులోంచి వెళ్ళింది.

తాతయ్య సమాధి రాళ్ళు చెక్కేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో తెల్లటి పొడి, కంటికి అద్దాలు పెట్టుకుని వంగి కూర్చున్న ఆయన. మా అమ్మకి ఆ దుమ్ము పడేది కాదు, తుమ్ముతూ పారిపోయేది. అమ్మ తర్వాత పుట్టిన పిన్నికి మాత్రం అదే ఆటస్థలం. కొంతమంది తమవాళ్ళ రాయి మీద పాతకాలపు లాటిన్ వాక్యం కావాలని అడిగేవాళ్ళు. అలాంటివి నాలుగైదు తాతయ్య దగ్గర నమూనా పలకల మీద ఉండేవి. చూసి దింపేవాడు. ఒక్క అక్షరం వంకర పోయేది కాదు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

"నాన్నా, ఇక్కడేం రాసుంది?" అని పన్నెండేళ్ళ పిన్ని ఓ రోజు అడిగింది.

"గౌరవంగా ఏదో రాసుంటుందమ్మా."

"ఏదో అంటే?"

"చెక్కడం నా పని. చదవడం పైనున్నాయన పని."

పిన్నికి ఆ జవాబు మింగుడు పడలేదు. అక్షరాలు కాగితం మీద ఎక్కించుకుని ఊరి గ్రంథాలయానికి వెళ్ళింది. దిండంత నిఘంటువు ముందేసుకుంది. ఆ భాషలో మాటకి తోక మారితే అర్థం మారిపోతుంది, మరి తోక మారిన మాట నిఘంటువులో ఎక్కడ వెతకాలి? రోజూ బడి అయ్యాక వెళ్ళి, గ్రంథాలయం వాళ్ళు తలుపులేసేదాకా కూర్చుని, ఆఖరికి ఓ సాయంత్రం షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది.

"మట్టి నీ మీద తేలికగా ఉండాలి! అదే నాన్నా, అదే రాసుంది!"

తాతయ్య ఉలి పక్కన పెట్టేశాడట. "ఇంత మంచి మాటా? ఇన్నేళ్ళూ గంధం మోసే గాడిదలాగా మోశానన్నమాట." ఆ మర్నాటినుంచి వచ్చినవాళ్ళందరికీ అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. భర్త రాయి కోసం వచ్చిన ఒకావిడ ఆ మాట విని స్టూలు మీద కూలబడి, "మళ్ళీ ఒకసారి చెప్పండి" అంది. తాతయ్య మళ్ళీ చెప్పాడు. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ ముఖమే చూస్తూ ఉండిపోయింది.

"అర్థం తెలిస్తే రాయి బరువు తగ్గుతుందక్కా" అని ఆ రాత్రి మా అమ్మతో అంది. "మోసే కూలీల్ని అడుగు, చెప్తారు" అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

అలా పట్టుకున్న భాషని పిన్ని వదల్లేదు. కాలేజీలో గ్రీకు, లాటిన్ చెప్పే పెద్దాయన దగ్గర చేరింది. ఆయన్ని మా ఇంట్లో గురువుగారనే అంటాం. సన్నటి మనిషి, చొక్కా మెడదాకా బొత్తాలు, నోరు తెరిస్తే వ్యాకరణం. ఒక మాట తప్పు పలికితే కాలు తొక్కినట్టు ముఖం పెట్టేవారు. కానీ చెప్పడం మొదలుపెడితే గదిలో గాలి ఆగిపోయేదని పిన్ని ఇప్పటికీ అంటుంది. ఆయనకి పిన్ని అంటే ప్రాణం. తన తర్వాత తన కుర్చీ ఆవిడదే అనుకున్నారు, అలాగే ఇప్పించారు కూడా.

ఆ కుర్చీ ఉంది గానీ, దాని ఎదుట బెంచీలే ఖాళీ అవుతూ వచ్చాయి. గురువుగారు రిటైరయ్యేనాటికి క్లాసంతా ఓ బల్ల చుట్టూ సరిపోయేది. తర్వాత ఒక్క కుర్రాడు మిగిలాడు. అతనికి జలుబు చేస్తే పిన్నికి సెలవు. అతను కూడా డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయాక ప్రిన్సిపాల్ పిన్నిని పిలిచి, చాలా మర్యాదగా, ఆ శాఖ మూసేస్తున్నామని, ఆవిడని కాలేజీ గ్రంథాలయంలో పుస్తకాల వర్గీకరణకి మారుస్తున్నామని చెప్పాడు.

ఆ రోజు పిన్ని ఇంటికొచ్చేసరికి బాబాయి సింకు కింద పడుకుని పానా తిప్పుతున్నాడు. బాబాయి నీటి సరఫరా శాఖలో ఇంజినీరు. ఊరందరి కుళాయిలూ చూస్తాడు, ఇంట్లో కుళాయి మాత్రం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

"నా శాఖ కూలిపోయింది" అంది పిన్ని.

"నీ రోము కూలి పదిహేను వందల ఏళ్ళయింది. అయినా నువ్వు దాని గురించి మాట్లాడటం మానలేదుగా" అన్నాడు బాబాయి కిందనుంచే. "ఆ పానా ఇటివ్వు."

పిన్ని పానా ఇచ్చింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, చాలాసేపు నవ్విందట. "ఎందుకు పిన్నీ నవ్వావు?" అంటే, "నిజమేగా, నా నోరు మూసెయ్యలేదుగా వాళ్ళు, గదే కదా మూసింది!" అంది.

పుస్తకాల అట్టలకి నంబర్లు అంటిస్తూ కొన్ని నెలలు గడిచాయి. మలుపు వచ్చింది ఎక్కడో కాదు, జుట్టుకి రంగు వేయించుకునే చోట.

మా వీధి మలుపులో ఒక సెలూన్ ఉంది. దాని యజమానురాలు భారీ మనిషి, భారీ గొంతు. కత్తెర ఎంత చురుకో నాలుక అంత చురుకు. ఒక మధ్యాహ్నం పిన్ని తలకి రంగు పులుముకుని, ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో ఉన్నామె, "అబ్బ, మంట. మన ఖర్మ కాకపోతే ఈ రంగులేంటో!" అని గోలపెట్టింది.

"ఈ ఖర్మ మన ఒక్కళ్ళదే కాదు లెండి" అంది పిన్ని. "రెండు వేల ఏళ్ళ క్రితం రోములో ఆడవాళ్ళు ఇంతకంటే ఘాటైన రంగులు పూసుకునేవాళ్ళు. జుట్టు ఊడి చేతికొచ్చేది."

"అయ్యో! మరి అప్పుడు?"

"అప్పుడేముంది, విగ్గు. ఉత్తరాది యుద్ధాల్లో పట్టుబడిన ఆడవాళ్ళ బంగారురంగు జుట్టు కోసి తెచ్చి విగ్గులు కట్టేవాళ్ళు."

సెలూన్‌లో డ్రయర్ ఆగింది. యజమానురాలు దువ్వెన గాల్లో పట్టుకుని, "అంటే ఎవరి తలో గొరిగి ఎవరి తల మీదో పెట్టారన్నమాట. ఆ కోయించుకున్న పిల్ల సంగతేంటి మేడమ్?" అని అడిగింది.

పిన్ని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ ఆ ప్రశ్న వేయలేదు. ఆ పిల్ల గురించి ఎవరూ రాయలేదని, రాసినవాళ్ళంతా విగ్గు పెట్టుకున్నవాళ్ళ వైపువాళ్ళేనని పిన్ని చెప్పింది. చెప్తూ చెప్తూ రంగు కడగాల్సిన సమయం దాటిపోయింది. ఆ నెలంతా పిన్ని జుట్టు వంకాయరంగులో మెరిసింది.

మర్నాడు పిన్ని ఒక శిల్పం ఫొటో పట్టుకుని సెలూన్‌కి వెళ్ళింది. రాతి ఆడమనిషి తల మీద గోపురంలా పేర్చిన జడలు. "ఇది మీరు వేయగలరా?" యజమానురాలు ఫొటోని తలకిందులుగా కూడా చూసి, "పిన్నులతో నిలవదు మేడమ్, కుదరదు" అంది. "పిన్నులతో కాదు. సూదీ దారంతో కుట్టేవాళ్ళని కొందరి లెక్క. లావుపాటి సూదులు తవ్వకాల్లో దొరికాయి." యజమానురాలి కళ్ళు మెరిశాయి. మొద్దు సూది, ఉన్ని దారం తెప్పించింది. ఎవరి తల మీద ప్రయోగం చేయాలా అని చుట్టూ చూస్తే, అప్పుడే లోపలికొచ్చిన నేను దొరికాను.

కుట్టారు. నిజంగానే జడని జడకి కుట్టేశారు. పిన్ని ఫొటో చూసి దారి చెప్తుంటే ఆవిడ వేళ్ళు అల్లుకుపోయాయి. గంట తర్వాత లేచి గంతేశాను, తల విదిలించాను. ఒక్క పోగు కదల్లేదు. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నిద్రపోవడానికి మాత్రం చాలా అవస్థపడ్డాననుకోండి.

ఇక చూడండి. బుధవారం మధ్యాహ్నాలు సెలూన్‌లో ఇసుకేస్తే రాలేది కాదు. జుట్టు పనిలేనివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. యజమానురాలు బయట పలక మీద "బుధవారం రోమ కథలు" అని రాసిపెట్టింది. దారినపోయే ఒకాయన ఆగి, "రోమాల కథలా? రోమాల్ని కత్తిరిస్తారు గానీ కథలు కూడా చెప్తారా?" అని అడిగాడు. "మా రోమమ్మ చెప్తుంది, వచ్చి కూర్చో" అందావిడ. పేరు అలా పడింది, మళ్ళీ ఊడలేదు.

ఇంట్లో పిన్నికి ఒక పరీక్ష ఉండేది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని బాబాయి తనే పెట్టిన పరీక్ష. రాత్రి భోజనాలయ్యాక ఆయన గిన్నెలు తోముతుంటే పిన్ని వెనక నిలబడి బుధవారం చెప్పబోయేది చెప్పేది. ఆయన తిరిగి చూడడు, మెచ్చుకోడు. చేతిలో గిన్నె ఆగిందా, ఆ ముక్క ఉంటుంది. తోముతూనే ఉన్నాడా, పోతుంది. చక్రవర్తుల వరసలన్నీ ఆ సింకులోనే కొట్టుకుపోయాయి. బట్టలుతికేవాళ్ళు వీధి మూలల్లో కుండలు పెట్టి జనం మూత్రం పట్టి, దాంతో మురికి వదిలించేవాళ్ళని చెప్పినప్పుడు మాత్రం గిన్నె జారి కిందపడింది.

నేనప్పుడు ఊరి రేడియోలో సౌండ్ రికార్డిస్టుని. మా ప్రొడ్యూసర్ చెవిన ఈ సంగతి వేశాను. ఆయన ఒక బుధవారం వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, క్షవరం కూడా చేయించుకుని, వెళ్ళేటప్పుడు పిన్ని చేతికి విజిటింగ్ కార్డు ఇచ్చాడు. అలా మొదలైంది ఆదివారం పొద్దున్న కార్యక్రమం. కుండ పెంకుల మీద ఊరి పెద్దల పేర్లు గీసి ఓట్లేసి బహిష్కరించిన గ్రీకులు, గుమ్మం ముందు నేల మీద "కుక్క ఉంది జాగ్రత్త" అని రంగురాళ్ళతో పొదిగిన ఇంటివాళ్ళు, పై అంతస్తుల్లో వంటిల్లు లేక వీధి దుకాణంలో కొనుక్కుతిన్న అద్దెవాళ్ళు. పిన్ని వాళ్ళ గురించి చెప్తుంటే పక్క వాటాలో గొడవ చెప్పినట్టే ఉండేది. జనం చెవులు రేడియోకి అతుక్కుపోయాయి.

ఒక్క చోటనుంచి మాత్రం చప్పుడు లేదు. గురువుగారు పిన్నితో మాట్లాడటం మానేశారు. సెలూన్ సంగతి తెలిసిన రోజే, "క్షౌరశాలలో లాటినా!" అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశారట. పిన్ని పండగ్గా తిరిగే మనిషే గానీ, ఆ మాట ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు. రికార్డింగ్ అయ్యాక, "ఆయన విని ఉంటారంటావా?" అని అడిగేది. నేను మైకు తీగ చుట్టుకుంటూ ఉండేదాన్ని.

రెండో ఏడాది మొదలవుతుందనగా ప్రొడ్యూసర్ పిన్నిని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. టీ ఇప్పించాడంటే ఏదో ఉన్నట్టే.

"మొదటి భాగం అదిరిపోవాలి మేడమ్. రోమన్లు విందుల్లో గొంతుదాకా తిని, పక్కన ప్రత్యేకంగా కట్టిన వాంతి గదిలోకి వెళ్ళి కక్కేసి, మళ్ళీ వచ్చి తినేవాళ్ళట కదా! అది చెప్పండి."

"అలాంటి గది లేదండి" అంది పిన్ని.

"అందరికీ తెలిసిందేగా?"

"అందరికీ తెలుసు. అయినా లేదు. 'వొమిటోరియం' అనే మాట ఉంది, దాని అర్థం వేరు. ఆటల ప్రాంగణాల్లో మెట్ల కిందనుంచి జనం బయటికొచ్చే దారులుంటాయి చూడండి, వాటి పేరది. కట్టడం జనాన్ని వెళ్ళగక్కుతుంది కాబట్టి."

ప్రొడ్యూసర్ ముఖం వాడిపోయింది. "దారులా? మేడమ్, నిజం చప్పగా ఉంటుంది."

"వండటం రానివాడికి ఏ కూరైనా చప్పగానే ఉంటుంది" అంది పిన్ని, టీ కప్పు కింద పెట్టి. "ఆ అబద్ధం నేను చెప్పను. మీకు అదే కావాలంటే వేరేవాళ్ళని చూసుకోండి. కానీ ఒక్క అవకాశం ఇస్తే నిజాన్నే అదరగొడతాను. మీ చెవికి నచ్చకపోతే నేనే తప్పుకుంటా."

ఆవిడ గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడం అసలే లేదు. ప్రొడ్యూసర్ తల గోక్కుని సరేనన్నాడు. బయటికొచ్చాక, "పిన్నీ, ఏం చేస్తావు?" అంటే, "ఈ శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది కదా? నీ పెద్ద మైకు పట్టుకురా" అంది.

శనివారం మధ్యాహ్నం స్టేడియం గోడ బయట, మెట్ల కిందనుంచి వచ్చే సొరంగం లాంటి దారి ముందు నిలబడ్డాం. లోపల మ్యాచ్ జరుగుతోంది, బయట ఎవరూ లేరు. చల్లటి సిమెంటు, నీళ్ళ చెమ్మ, ఓ మూల ఊడ్చిపెట్టిన కాగితం కప్పులు. పిన్ని మైకు ముందు మెల్లగా మొదలుపెట్టింది. "ఇప్పుడు మనం ఒక భవనం నోటి ముందు నిలబడి ఉన్నాం. అది కడుపునిండా మనుషుల్ని మింగి కూర్చుంది. వినండి." నేను మైకు దారిలోకి చాపాను. ఎక్కడో లోతున గుడగుడమని చప్పుడు. అచ్చం కడుపులో గడబిడలాగే.

ఆఖరి విజిల్ మోగింది. ముందు ఒకటి రెండు అడుగులు. తర్వాత చినుకుల్లా. తర్వాత ఒక్కసారిగా వరద! వేల చెప్పులు, బూట్లు, కేకలు, పాటలు, ఈలలు, ఆ ఇరుకు దారిలోంచి దూసుకొచ్చి మా మీద పడ్డాయి. పిన్ని గోడకి వీపు ఆనించి, నవ్వుతూ, ఆ హోరులో అరుస్తోంది: "ఇదీ ఆ మాట! రెండు వేల ఏళ్ళ క్రితం కూడా ఇదే చప్పుడు! ఇదే తోపులాట! ఓడినవాళ్ళు అంపైరుని తిట్టుకుంటూ ఇలాగే వచ్చేవాళ్ళు!"

మెడలో కండువా వేసుకున్న ఓ లావుపాటాయన ఆగాడు. "ఏంటమ్మా, ఎవర్ని గురించి?"

"మీ గురించే. పాతకాలంలో ఈ దారిని 'కక్కే చోటు' అనేవాళ్ళు. స్టేడియం మిమ్మల్ని కక్కిందన్నమాట."

"అంటే మేమంతా వాంతా?" ఆయన కాసేపు ఆలోచించి, "మావాళ్ళు ఆడిన ఆటకి అదే సరైన మాట" అని వెళ్ళిపోయాడు.

అంపైరు కాదు, ఫుట్‌బాల్‌లో రిఫరీ అంటారు. అది తీసేయకుండా అలాగే వేస్తే, తర్వాత వందమంది ఫోన్ చేసి చెప్పారు. ఆ ఆదివారం ఆ హోరు విని ప్రొడ్యూసర్ హెడ్‌ఫోన్లు తీసి, మరో రెండేళ్ళకి ఒప్పందం రాయించాడు.

కానీ అసలు ఫోన్ ఆ సాయంత్రం స్టూడియోకి వచ్చింది. నేనే ఎత్తాను. గొంతు సన్నగా, మెడదాకా బొత్తాలు పెట్టుకున్నట్టు ఉంది.

"మీ కార్యక్రమంలో ఆ పదం మూడో అక్షరం దీర్ఘం. మీ మేడమ్ తొందరలో హ్రస్వం చేసింది. చెప్పండి."

ఇంటికెళ్ళి పిన్నికి చెప్పాను. ఆవిడ చేతిలో తువ్వాలు జారింది. "విన్నారు!" అంది. "విన్నారే! మూడో అక్షరం దాకా విన్నారు!"

మర్నాడే బయల్దేరింది, నన్ను తోడు తీసుకుని. గురువుగారి గదిలో పుస్తకాలు గోడలెక్కి, కుర్చీలెక్కి, కిటికీ కూడా సగం మూసేశాయి. పిన్ని నేల మీదే కూర్చుంది, విద్యార్థినిలాగా.

"నా భాషని బజారుకెక్కించావు" అన్నారాయన.

"గురువుగారూ, అది పుట్టిందే బజారులో. చేపలమ్మేవాళ్ళు తిట్టుకున్నది, తల్లులు జోలపాడింది ఆ భాషలోనే. మనం తర్వాత గదిలో పెట్టి తాళం వేశాం."

ఆయన కిటికీలో మిగిలిన కాస్త వెలుతురు వైపు చూశారు. "తాళం వేయకపోతే పాడైపోతుందని భయం నాకు. ముందురోజు మీ ప్రకటన విని, నువ్వు వాంతి గది చెప్తావనే రేడియో పెట్టాను. చెప్పి ఉంటే ఈ జన్మలో నీ ముఖం చూసేవాణ్ణి కాదు."

"చెప్పనని మీకు తెలియదా?"

"తెలియదు" అన్నారు నిజాయితీగా. తర్వాత, "ఇప్పుడు తెలిసింది. టీ తాగుతారా?"

ఆ టీ దగ్గరే పిన్ని తన కోరిక బయటపెట్టింది. రేడియో వినేవాళ్ళు చాలామంది కథలు చాలవు, భాష నేర్పమంటున్నారు. కథలు ఆవిడ చెప్తుంది. వ్యాకరణానికి ఆయన కావాలి.

"పిల్లలెవరు?"

"పిల్లలు కారు. ఒక నర్సు, ఇద్దరు బస్సు డ్రైవర్లు, రిటైరైన టైలరు, మా సెలూన్ యజమానురాలు, ఇంకా చాలామంది."

"క్షౌరశాల ఆవిడా?" గురువుగారి కనుబొమలు నెత్తికెక్కాయి. కాసేపటికి అవే దిగొచ్చాయి. "ఆవిడ ముందు వరసలో కూర్చోవాలి. వెనక వరసలోవాళ్ళు మాట్లాడతారు."

శనివారం సాయంత్రాలు ఊరి గ్రంథాలయం చదువుల గదిలో క్లాసు మొదలైంది. మొదటి రోజే కుర్చీలు చాలక జనం కిటికీ గట్ల మీద కూర్చున్నారు. గురువుగారు గుడ్లురిమితే బస్సు డ్రైవర్లు బెదిరిపోయేవాళ్ళు. సెలూన్ యజమానురాలు మాత్రం, "మీరు అలా ముఖం పెడితే నాకు గుర్తుండదు సార్, కాస్త నవ్వండి" అనేది. ఆయన నవ్వడం మేం మొదటిసారి అక్కడే చూశాం. క్లాసయ్యాక ఏ అచ్చు ఎలా పలకాలో ఆయనా పిన్నీ మెట్ల మీద నిలబడి వాదించుకునేవాళ్ళు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులిద్దరూ. బాబాయి స్కూటర్ మీద కూర్చుని, "ఆ అచ్చు రేపటికి కూడా ఉంటుంది, ఇంటికి పదండి" అని హారన్ కొట్టేవాడు.

మూడో ఏడాదికి కాలేజీ ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చాడు. శాఖ మళ్ళీ తెరుస్తాం, రమ్మన్నాడు. పిన్ని ఒక్క షరతు పెట్టింది: వయసూ, డిగ్రీ అడక్కుండా వచ్చినవాళ్ళందర్నీ కూర్చోనివ్వాలి. ఆయన నసిగాడు. ఆవిడ టీ తాగుతూ కూర్చుంది. ఒప్పుకున్నాడు.

గురువుగారు ఇంకో ఐదేళ్ళు పాఠం చెప్పి, ఒక సెలవురోజు మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయారు. పిన్ని తర్వాతి శనివారం ఆయన పాఠం కూడా తనే చెప్పింది, దీర్ఘాలన్నీ ఒత్తి ఒత్తి.

ఇప్పుడావిడకి డెబ్భై దాటాయి. మొన్న నేను క్లాసు చూద్దామని వెళ్ళాను. కింది అంతస్తులో, వీధిలోకి కిటికీలున్న పెద్ద గది. కాలేజీ పిల్లలు, తల నెరిసినవాళ్ళు కలిసి కూర్చున్నారు. నర్సు దుస్తుల్లో ఉన్న ఒకమ్మాయి చెయ్యెత్తి, ఆ రోజుల్లో కాన్పు చేసే మంత్రసానులు చదువుకున్నవాళ్ళేనా, వాళ్ళకి ఎవరు నేర్పేవాళ్ళు అని అడిగింది.

పిన్ని కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుంది. "కొంతమందికి చదువొచ్చని తెలుసు. నేర్పిందెవరో నాకు సరిగ్గా తెలియదమ్మా" అంది, ఏదో బహుమతి అందుకున్నంత హుషారుగా. "పదండి, పైన చూద్దాం." క్లాసు క్లాసంతా కుర్చీలు జరుపుకుని లేచి, ఆవిడ వెనకాలే పుస్తకాల గదికి మెట్లెక్కింది.